బాబా భుజానికి కొలిచిన కట్టె

ఖతర్‌లోని షహానియాలో మా అర్బాబ్, అంటే యజమాని, తోటలో నేను వడ్రంగిని. తలుపులు, ఒంటెల తొట్లు, అతిథులు కూర్చునే మజ్లిస్‌కు బల్లలు నా పని. ఆ వేసవిలో అర్బాబ్ తండ్రి, మేమంతా బాబా అని పిలిచే పెద్దాయన, తన వేట తుపాకీ తెచ్చి నా ముందు పెట్టాడు. గుండు గుండుకూ బోల్టు లాగి కాల్చే పాత రకం. గొట్టం బాగానే ఉంది. భుజానికి ఆనించే కట్టె మాత్రం పిడి దగ్గర నిలువునా చీలింది.

బాబా కుడి భుజానికి అప్పుడే ఆపరేషన్ అయింది. చలికాలం వేటకు పోతానని ఆయన పట్టు, వద్దని కొడుకు పట్టు. కొత్త కట్టె వేశాక తుపాకీ భుజానికి కుదిరితే పోవాలి, కుదరకపోతే దాన్ని గోడకు తగిలించాలి. అలా ఒప్పందమైంది. మరునాడే కొడుకు నాతోనే మజ్లిస్ గోడకు రెండు కొక్కేలు కొట్టించాడు. కొడుతుంటే నాకు ఒళ్లు మండింది.

దుకాణం నుంచి రెండు కట్టెలు వచ్చాయి. ఒకటి నల్లటి ప్లాస్టిక్‌ది, ఒకటి సగం చెక్కిన అక్రోటుది. ప్లాస్టిక్‌ది ఎండకు వంగదు, తేలిక, ఇసుకకు చెడదు అన్నాడు కొడుకు. అన్నీ నిజాలే, అందుకే మరీ చికాకు. బాబా నావైపు తిరిగి "నువ్వు చెప్పు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా తిండీ నిద్రా పోయాయి. దీన్ని పట్టుకుంటాను, దించుతాను, దాన్ని పట్టుకుంటాను. ఫోన్లో నా భార్య నవ్వింది.

"దుబాయ్‌ల తుపాకులు గూడ జేస్తున్నవా? నీ చేతులు ఊకుండయా?"

ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇది దుబాయే. చేతుల సంగతి మాత్రం నిజం. చివరికి అక్రోటుదే అన్నాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. ప్లాస్టిక్‌దానితో నా చేతులకు పనే లేదు, అంతే.

మా ఊళ్లో నాగలికి మేడి చేసే ముందు దున్నే మనిషిని నిలబెట్టి కొలుస్తాం. బాబానూ అలాగే ఏసీ గదిలో నిలబెట్టి మోచేయి మడవమన్నాను. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా దారం పట్టాను. ఆ కొలతకే కట్టె మడమ, అంటే భుజానికి ఆనే కొస, కోసి, ఇనుము కూర్చునేలా లోపల గుల్ల చెక్కి, నూనె పట్టించాను. కానీ చలికాలం దాకా చెయ్యి ఎత్తొద్దని డాక్టర్ చెప్పాడు. అన్ని నెలలూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. రోజూ పోయి ఆ కట్టెను నిమిరి వచ్చేవాణ్ణి.

చలిగాలి మొదలైన రోజు బాబా మజ్లిస్‌లోకి ఫర్వా వేసుకుని వచ్చాడు. గొర్రెబొచ్చు అస్తరున్న మందపాటి కోటు అది. ఖాళీ తుపాకీ ఎత్తాడు. మడమ చంకలో కోటుకు తట్టుకుని ఆగిపోయింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఆగింది. కొడుకు కొక్కేల వైపు చూశాడు.

తప్పు నాదే. నేను కొలిచింది ఎండాకాలపు పలచటి పొడుగు చొక్కా, తోబ్ మీద! మా దగ్గర దున్నేవాడి ఒంటిమీద అంగీ కూడా ఉండదు. కోటుకు కొలత తగ్గించాలని నాకెలా తడుతుంది? బాబా తుపాకీని మెల్లగా దించి, నా ముఖం చూడకుండా కొడుకుకు అందించబోయాడు.

"సబర్ బాబా, సబర్! లక్డీ హై, కాటూంగా!" అని అరిచాను. ఆగండి, కట్టే కదా, కోస్తాను అని. అర్బాబ్ ఇంట్లో అంత గొంతెత్తడం అదే మొదటిసారి.

షెడ్డులో మడమ నుంచి బొటనవేలంత కోసి, అంచు గుండ్రం చేసి పరుగున తెచ్చాను. బాబా ఫర్వాతోనే ఎత్తాడు. ఈసారి తుపాకీ భుజంలో ఒదిగింది. దవడ కట్టెకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

తరువాత కొడుకును చూసి కన్ను గీటి, నాతో అన్నాడు.

"కొక్కేలు ఖాళీగా ఉంటే మావాడు బాధపడతాడు. ఆ ప్లాస్టిక్‌ది తెచ్చి తగిలించు."

కొడుకు కాసేపు మూతి ముడుచుకుని, తనే నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. నేనెక్కి దాన్ని తగిలించాను. ఆ పూట కడుపునిండా తిన్నాను.