పెరుగన్నం మానేసిన కుక్క

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను జమ్మలమడుగు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. అంతకుముందు ప్రొద్దుటూరులో పనిచేసేటప్పుడు బడి నుంచి నా వెంటపడి వచ్చిన ఆడ కుక్కపిల్ల, బదిలీ అయితే నాతోపాటే ఈ ఊరికీ వచ్చింది. నా పెళ్లికి ముందు నుంచీ ఉందది. "ఈ ఇంట్లో అది నాకంటే సీనియరు" అని నా భార్య నవ్వేది. మాది పురోహితుల కుటుంబం. కాబట్టి పదకొండేళ్లూ అది పెరుగన్నం తినే బతికింది.

ఒక ఎండాకాలం మొదట్లో ఆ పెరుగన్నం ముట్టడం మానేసింది. ఎండకేమో అనుకున్నాం. మూడో రోజు నా భార్య దాని పొట్ట నిమురుతూ చెయ్యి ఆపేసింది.

"ఈడ పట్టి చూడండి."

వెనక రొమ్ము దగ్గర నిమ్మకాయంత గడ్డ. పక్కనే ఇంకో రెండు చిన్నవి. ఎన్నాళ్లుగా ఉన్నాయో మాకు తెలియదు. అది చెప్పలేదు, మేము చూడలేదు.

ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. మర్నాడే బడికి సెలవు చీటీ పంపి, గంపలో గోనెపట్ట పరిచి, దాన్ని పడుకోబెట్టి ప్రొద్దుటూరు బస్సు దగ్గరికి పోయాను. కండక్టరు అడ్డంగా నిలబడ్డాడు.

"కుక్కను యాడికి తెస్తాండావు అయివారా? జనం ఊరుకుంటారా?"

"జబ్బు చేసింది. పశువుల ఆసుపత్రికి."

అతను గంపలోకి వంగి చూశాడు. కుక్క తల ఎత్తలేదు, కళ్లు మాత్రం తిప్పింది. "వెనక సీటు కింద పెట్టుకో. ఎవురినన్నా కరిస్తే నువ్వే చూసుకోవాల" అని పక్కకు జరిగాడు.

పశువుల డాక్టరు ముసలాయన. గడ్డలు నొక్కి చూసి, దాని పక్కటెముకలకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "మనుషులకైతే రాచపుండు అంటాం. దీనికీ అదే" అన్నాడు.

"కోసి తీసేస్తే?"

"ఊపిరి ఎట్లా తీస్తాందో చూడండి. లోపలికి పోయినట్టుంది. కోస్తే బల్ల మీదే పోతాది."

నేను వదల్లేదు. మందులు, సూదులు, మద్రాసు, అన్నీ అడిగాను. ఆయన చేతులు కడుక్కుంటూ అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. "ఒకేసారి గిన్నెడు పెట్టొద్దు. గుప్పెడంత, దినానికి నాలుగైదు సార్లు. మెత్తగా, గోరువెచ్చగా. గుడ్డు గానీ, మాంసం ఉడికించిన నీళ్లు గానీ, ఏ వాసనకు మూతి ఎత్తుతుందో అది పెట్టండి. గడ్డ పగిలితే వేపాకు కాచిన నీళ్లతో కడగండి. ఈగలు వాలనీయొద్దు. చల్లటి చోట పడుకోనీండి. ఉన్నన్ని దినాలు దానికి బాధ తెలీకుండా చూడటమే."

"మా ఇంట్లో మాంసం..." అని నసిగాను.

"జబ్బు మీకు కాదు గదా అయివారా, దానికి గదా" అన్నాడాయన.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె పొయ్యి వైపు చూసి, లేచి పక్కింటి గోడ దగ్గరికి వెళ్లింది. పక్కింట్లో జట్కా తోలే సాయిబు కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలు అంతా విని, "అదేం పెద్ద పనక్కా! ఉప్పూ కారం వేయకుండా ఎముకలు ఉడికించి, ఆ నీళ్లు గోడ మీద పెడతా, తీసుకో" అంది.

ఆ సాయంత్రం గోడ మీదికి చిన్న ముంత వచ్చింది. నా భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మెత్తటి అన్నంలో ఆ నీళ్లు కలిపి, దాని మూతి దగ్గర పెట్టింది. కుక్క వాసన చూసింది. మా ఇద్దరి ముఖాలు చూసింది. తర్వాత గిన్నె అడుగు దాకా నాకింది. ఇన్నేళ్లూ దానికేం పెట్టామా అని నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత పని అంతా నా భార్యే నేర్చుకుంది. తల వంచితే దానికి ఆయాసం వస్తోందని గిన్నెను రెండు ఇటుకల మీద పెట్టింది. తిననప్పుడు అరచేతిలో వేసి నాకించింది. ఎక్కువ తింటే కక్కుతోందని ముద్ద తగ్గించింది. బండల నేల చల్లగా ఉన్నా దాని ఎముకలు ఒరుసుకుంటున్నాయని పాత చీర మడిచి పరిచింది. వాకిట్లో తడి గోనె కట్టింది.

నేను మాత్రం తిరుగుతూనే ఉన్నాను. పీరియడ్డుకూ పీరియడ్డుకూ మధ్య ఇంటికి పరుగెత్తుకొచ్చి "ఎంత తినింది? నీళ్లు తాగిందా?" అని అడిగేవాణ్ణి. ఎవరో మేకపాలు అంటే మేకపాలు, ఇంకెవరో తేనె అంటే తేనె. పసుపు ఉండలు చేసి దవడ తెరిచి గొంతులోకి తోసేవాణ్ణి. గడ్డ పెరిగిందేమోనని రోజూ దారంతో కొలిచేవాణ్ణి. ఒకనాడు నేను గడపలో అడుగు పెట్టగానే అది లేచి, కుంటుకుంటూ మంచం కిందికి దూరింది.

"దానికేమైంది?" అన్నాను.

"మీరొస్తే దానికి బయం. ఎప్పుడు జూసినా చేతిలో ఏదో ఒకటి పట్టుకోనే వస్తాండారు" అంది నా భార్య.

నాకు కోపం వచ్చింది. ఆ ఆదివారమే పులివెందుల దగ్గర గడ్డలకు పసరు ఇచ్చే మనిషి ఉన్నాడని విని బయలుదేరాను. ముద్దనూరులో బస్సు మారి, దిగి, చేల గట్ల వెంట ఎండలో నడిచి పోయాను. ఆయన పశువుల కొట్టం ముందు కూర్చుని పలుపు పేనుతున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"ఎన్నేండ్లది?"

"పన్నెండు నడుస్తోంది."

"తింటాందా?"

"కొంచెం కొంచెం."

"నిద్రపోతాందా?"

"పోతోంది."

"తింటాంది, పండుకుంటాంది. ఇంగ ఏందప్పా నీ పరుగు? నా పసరు పూస్తే మంట పుడతాది. ముసలిదానికి ఆ మంట యాల?" అని మళ్లీ పలుపు అందుకున్నాడు.

తిరుగు బస్సు ముద్దనూరులో రెండు గంటలు ఆగిపోయింది. ఆ రెండు గంటలూ నేను రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. ఈలోపే అది పోతుందేమోనని భయం. ఇంటికొచ్చేసరికి పొద్దు గుంకుతోంది. అది మంచం కిందే ఉంది. నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. చాలాసేపటికి అది బయటికొచ్చి, నా వేళ్లు వాసన చూసింది. వాటికి ఏ మందూ అంటుకుని లేదు. నా కాలి పక్కన ఒరిగింది.

తర్వాత మూడు వారాలు బతికింది. బడి నుంచి రాగానే దాని పక్కన కూర్చునేవాణ్ణి. కూర్చోవడం నాకు చేతకాలేదు. కాలు ఆడుతూనే ఉండేది, పది నిమిషాలకోసారి లేవాలనిపించేది. అయినా అది మళ్లీ మంచం కిందికి పోలేదు. చివరి వారం గడ్డ పగిలింది. వేపనీళ్లతో కడిగేటప్పుడు మూలిగేది కానీ పళ్లు చూపలేదు.

ఒక ఉదయం అది ముద్ద వద్దని, ముంతలోని నీళ్లు మాత్రం నాలుగుసార్లు నాకింది. వేపాకు అయిపోయింది. నా భార్య "తర్వాత పోదురు లేండి" అంటున్నా వినకుండా, పెన్న ఒడ్డున చెట్టు ఉందని వెళ్లాను. పావుగంట కూడా పట్టలేదు. వచ్చేసరికి నా భార్య దాని తల తొడ మీద పెట్టుకుని కూర్చుని ఉంది. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

సాయిబు జట్కాలో దాన్ని ఏటి ఒడ్డుకు తీసుకుపోయాం. గుంత అతనే తవ్వాడు, నన్ను పార ముట్టనీయలేదు. "నువ్వు దాని దగ్గర కూచో అయివారా" అన్నాడు. నేను ఇసుకలో దాని పక్కన కూర్చుని, వీపు మీద వాలుతున్న ఈగలను తోలుతూ ఉన్నాను.