తాగలేదని రాశాను

1955. కర్నూలులో రాజధాని ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న రోజులు. నేను మైదుకూరు దాటాక రోడ్డు పక్కనున్న ఒక లోకల్ ఫండ్ ఆసుపత్రిలో డాక్టర్ని. లోకల్ ఫండ్ అంటే జిల్లా బోర్డు ఖర్చుతో నడిచేదన్నమాట. నేనూ, ఒక కాంపౌండరూ, ఒక ఆయా, అంతే సిబ్బంది. పురుళ్లు, తేలుకాట్లు, ఎద్దు పొడిచిన గాయాలు చూడడంతో పాటు నాకు ఇంకో పని ఉండేది. మద్యనిషేధం అమల్లో ఉంది కాబట్టి, తాగాడని పోలీసులు ఎవర్నయినా పట్టుకొస్తే పరీక్షించి సర్టిఫికెట్ రాయాలి. నోటి వాసన చూడాలి, కంట్లో టార్చి వేయాలి, నేలమీద సుద్దగీత గీసి దానిమీద నడిపించాలి. ఆ పని నాకు బొత్తిగా గిట్టేది కాదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కానిస్టేబులూ, నలుగురు ప్రయాణికులూ కలిసి ఒక బస్సు డ్రైవర్ని రెక్కపట్టి తీసుకొచ్చారు. చొక్కా నిండా వాంతి.

"నడిరోడ్డు మీద బస్సు ఆపేసి దాని నీడలో పండుకున్నాడు సార్. మాట ముద్దముద్దగా వస్తాంది. బాగా తాగినాడు. వీండ్ల సంగతి తెలిసిందే గదా" అన్నాడు కానిస్టేబులు.

ఆ 'వీండ్లు' ఎవరో నాకు తెలియకపోలేదు. డ్రైవరు దేవదానం పక్క పల్లె క్రైస్తవుడు. కూలి చేసుకునే కుటుంబంలో పుట్టి స్టీరింగు పట్టిన మొదటి మనిషి. వాళ్ల చర్చిలో పెద్దగా కూడా ఉన్నాడు.

నోట్లో సారా వాసన లేదు. కంట్లో టార్చి వేయగానే రెండు చేతులతో ముఖం కప్పుకుని మూలిగాడు. నేను టార్చి ఆర్పేసి, అందర్నీ బయటికి పంపి, కిటికీ మూశాను.

"నొప్పికి ముందు కండ్లకు ఏమన్నా కనపడిందా?"

"ఎడమపక్క రోడ్డు మాయమైపోయె సార్. రంపం పండ్ల మాదిరి వెలుతురు, మెరుస్తా మెరుస్తా పెద్దదాయె. ఎదురుగా బండొస్తే కనపడదని ఆపేసినా. ఆ తర్వాత ఈ కణత కాడ పొడుస్తాంది." ముఖం మీది చేతులు తీయకుండానే, "నేను తాగలే సార్. జన్మలో ముట్టలే" అన్నాడు.

దాన్ని మైగ్రేన్ అంటారు. మనవాళ్లు పార్శ్వపు నొప్పి అంటారు. తలలో ఒకపక్క నాడి కొట్టుకున్నట్టు పోటు, వాంతులు, వెలుతురూ చప్పుడూ పడకపోవడం దాని గుర్తులు. కొందరికి నొప్పికి ముందు ఇలా వంకరటింకర వెలుగు కనిపిస్తుంది, చూపులో ఒకపక్క చెరిగిపోతుంది, మాట తడబడుతుంది. దీన్ని ఆరా అంటారు. చాలామందికి అరగంటా గంటలో దానంతటదే పోతుంది.

ఇదంతా గుర్తుపట్టడానికి నేను పుస్తకం తెరవలేదు. కాలేజీ రోజుల నుంచీ నాకూ అదే వస్తుండేది. అదే రంపం, అదే కణత. వచ్చినరోజు తలుపేసుకుని పడుకుంటే, డాక్టరుగారు పురుడు పోసి అలిసిపోయారని ఊరంతా నన్ను చూసి అయ్యో అనేది. ఆ మనిషికి వస్తే తాగుడన్నారు.

నాకూ ఉందని నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఎందుకంటే, తన తలనొప్పే తగ్గించుకోలేనివాడు మనకేం తగ్గిస్తాడని జనం నవ్వుతారని భయం. పైవాళ్లకు తెలిస్తే ఉద్యోగానికి ఎసరొస్తుందని ఇంకా భయం.

"తాగినానని రాయండి సార్" అన్నాడు దేవదానం ఉన్నట్టుండి. "జరిమానా కడితే పోతాది. కండ్లు కనపడలేదని రాస్తే స్టీరింగు పోతాది."

నేను ఒప్పుకోలేదు. తాగలేదు, ఇది మైగ్రేన్ అని రాసి కానిస్టేబులు చేతిలో పెట్టాను. న్యాయం చేశానని లోపల గర్వం కూడా.

సాయంత్రం బస్సు ఓనరు వచ్చాడు. మా నాన్నకు తెలిసిన పెద్దమనిషి.

"తాగలేదంటివి, సంతోషం. ఈ మైగ్రేన్ అంటే ఏందప్పా? మళ్లా వస్తాదా?"

"రావచ్చు."

"బండి తోల్తాండంగా వస్తే?"

దేవదానం తలుపు పక్కన నిలబడి నా వైపే చూస్తున్నాడు. చెప్పాల్సింది నాకు తెలుసు. అది చెప్పకుండా రాదు, బండి ఆపుకునేంత వ్యవధి ఇస్తుంది, ఇవాళ అతను చేసింది అదే, వేళకు తిని నిద్రపోతే రావడం తగ్గుతుంది, నాకూ ఉంది, అయినా పురుళ్లు పోస్తున్నాను. ఓనరు పుస్తకాల మాట నమ్మకపోయినా నా మాట నమ్మేవాడు.

"చెప్పలేమండీ" అన్నాను.

తర్వాత చూస్తే దేవదానం బస్‌స్టాండులో కూలికి బస్సు టాపు మీదికి మూటలు ఎక్కిస్తున్నాడు. తాగకపోతే ఓనరెందుకు దించుతాడని ఊళ్లో అనుకున్నారు. నా సర్టిఫికెట్ ఎందుకూ కొరగాలేదు.

అయినా నా దగ్గరికి మందుకు వచ్చేవాడు. పరగడుపున పనికి పోవద్దనీ, ఇంత సంగటి తిని బయల్దేరమనీ, ఎండలో తలకు తువాలు చుట్టుకొమ్మనీ చెప్పాను. మెరుపు పోయి నొప్పి మొదలవుతూనే ఎర్గటమిన్ మాత్ర వేసుకుని చీకట్లో పడుకోవాలి. అది రక్తనాళాలను బిగించే మందు, ఎక్కువ మింగితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తలనొప్పే రోజూ పట్టుకుంటుంది. అతను పొల్లుపోకుండా పాటించాడు. నొప్పి రావడం బాగా తగ్గింది.

"ఈ రోగం నాకొక్కనికేనా సార్?" అని ఒకసారి అడిగాడు.

"శానామందికి వస్తాదని పుస్తకాల్లో ఉండాది" అన్నాను.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం, వరండా నిండా రోగులుండగా నాకు రంపం కనపడింది. కాంపౌండరు సెలవులో ఉన్నాడు. మందుల గదిలోకి పోయి తడిగుడ్డ నొసట వేసుకుని నేలమీద పడుకున్నాను. పక్కన వాంతికి గిన్నె. మాత్రల కోసం వచ్చిన దేవదానం తలుపు తోశాడు.

గిన్నెనూ, మూసిన కిటికీనీ, కళ్లమీది నా చేతినీ చూశాడు. గుడ్డ మళ్లీ తడిపి వేశాడు. కిటికీ సందులోంచి వెలుతురు రాకుండా తన తువాలు అడ్డం కట్టాడు. బయటికి పోయి, "డాక్టరు సార్‌కు జరం. పొద్దుగూకినాక రాండి" అని అందర్నీ పంపేసి గడపలో కూర్చున్నాడు.

నొప్పి తగ్గి నేను లేచేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఎప్పట్నుంచి సార్?"

"చదువుకునేటప్పట్నుంచి."

లేచి, కిటికీకి కట్టిన తన తువాలు విప్పి మడత పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేనెవురికీ చెప్పను సార్. మీ ఉద్యోగానికి ఇబ్బంది" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అతని కడుపు కొట్టింది నా మౌనం. ఇప్పుడు నా కడుపు కోసం అతను నోరు మూసుకుంటానంటున్నాడు.

మర్నాడే ఓనరు దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన నవ్వాడు.

"నీకుంటే ఏమప్పా, నువ్వు చదువుకున్నోడివి."

"అతను ఎవర్నీ గుద్దలేదు. గుద్దకూడదనే ఆపినాడు" అన్నాను.

స్టీరింగు అప్పటికే తన బావమరిది చేతికి ఇచ్చేశాడట. ఖాళీ అయితే చూస్తానన్నాడు. నేను అక్కడున్నన్నాళ్లూ ఖాళీ కాలేదు. బదిలీ అయి వెళ్లేటప్పుడు నా పెట్టెలు టాపు మీదికి ఎక్కించింది దేవదానమే. అతని ముఖంలోకి చూడడానికి నాకు ముఖం చెల్లలేదు.

రోగం పేరు రాసిచ్చేస్తే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. పేరు రాశాక ఆ రోగి పక్కన నిలబడాల్సింది కూడా ఉందని అక్కడ తెలిసింది. ఆ తర్వాత ఏ ఊళ్లో పనిచేసినా, తల పట్టుకుని వచ్చినవాళ్లు ఇది నాకొక్కడికేనా అని అడిగితే, నాకూ వస్తుందని వాళ్ల ఇంటివాళ్లు వినేలా చెప్పేవాణ్ణి. దానివల్ల నా ఉద్యోగం పోలేదు, నన్ను చూసి ఎవరూ నవ్వనూ లేదు. ఆ సాయంత్రం ఓనరుకు చెప్పి ఉన్నా పోయేది కాదు.