వేపమండలకు ఇవతల

మా తోటికోడలి చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి, నల్లగొండ ఎండల్లో కూడా. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు మా అత్త పిలిచి మరీ చెప్పేది. ఎవరికి తలనొప్పి వచ్చినా, ఎవరికి ఒళ్లు కాలినా, "చిన్న కోడలా, జర చెయ్యి వెట్టు" అనేది. పెద్ద కోడలికి కూడా చేతులున్నాయని ఆమెకు గుర్తుండేది కాదు.

నా చేతులకు సిరా ఉండేది. సున్నిపిండితో రుద్దినా గోళ్ల సందుల్లో నల్లగా మిగిలేది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. తాలూకా కచేరిలో బీరువాల నిండా పాత ఉర్దూ కాగితాలు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లకు అవి చదవరావు. మా బాపు వెనుకటి కాలంలో మున్షీగా పనిచేశాడు. కొడుకులు లేక ఉర్దూ నాకు నేర్పాడు. ఆ కాగితాలు చదివి తెలుగులో ఎత్తిరాసే మనుషులు కావాలని తెలిసినప్పుడు మా ఆయనే నాచేత అర్జీ పెట్టించాడు. ఆయన బడిపంతులు. ఛాతీలో క్షయ ఉందని, ఏడాదిపాటు మంచం దిగవద్దని దవాఖానలో చెప్పారు. బడి ఆగింది, దానితో జీతమూ ఆగింది. మందులు, పాలు, గుడ్లు మాత్రం ఆగకూడదు. అందుకని నేను కచేరికి పోయాను.

నాది టెంపరరీ పని. పర్మనెంటువాళ్లకు చేతులున్న కుర్చీలు, నాకు ముక్కాలి స్టూలు. వాళ్లు మేనత్త ఆడబిడ్డకు సీమంతమైనా సెలవు పెట్టేవాళ్లు. నాకు జ్వరమొచ్చినా ఆ స్టూలు మీదే రావాలి. పని తొందరగా చేస్తే కాగితాలు తొందరగా అయిపోయి ఇంటికి పంపిస్తారు. నెమ్మదిగా చేస్తే ఇవాళే పంపిస్తారు. ఎటూ కాకుండా నడిమిరకంగా రాయడం నేర్చుకున్నాను.

తెల్లవారకముందే లేచి నీళ్లు తోడి, రొట్టెలు చేసి, ఆయనకు మందిచ్చి, గుడ్డు ఉడకబెట్టి నేను గడప దాటే వేళకు నా బిడ్డ చీర కుచ్చిళ్లు పట్టుకునేది. నాలుగేళ్ల పిల్ల. దాన్ని విడిపించి చంకనేసుకోవడం మా తోటికోడలి పని. యాదగిరిగుట్ట దగ్గరి పల్లె నుంచి వచ్చిన పిల్ల ఆమె. చదువు లేదు, ఇంకా కడుపు పండలేదు. మా మరిది సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టుకున్నాడు, మనిషి దుక్కలా ఉండేవాడు, ఒక్క దగ్గు కూడా దగ్గేవాడు కాదు. ఆమె తింటే అరిగేది, పడుకుంటే నిద్ర పట్టేది, జడ వేస్తే నడుము దాటేది. ఇవన్నీ చూసి నాకు కన్ను కుట్టలేదని చెప్పను. బాగా కుట్టింది. వాటితోపాటు నా బిడ్డ కూడా రోజురోజుకూ ఆమె చంకకే అలవాటు పడుతుంటే కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నా బిడ్డకు పొరుగింటిదాకా పోయే శ్రమ కూడా లేకపోయింది, పుల్లకూర పక్క అర్రలోనే ఉంది.

ఆ ఎండాకాలంలో పిల్లకు అమ్మవారు పోసింది.

మధ్యాహ్నం ఒళ్లు కాలిందట, సాయంత్రానికి వీపు మీద పొక్కులు లేచాయట. నేను కచేరి నుంచి వచ్చేసరికి దర్వాజకు వేపమండలు కట్టి ఉన్నాయి. చెప్పులు విడిచి లోపలికి పోబోతే మా అత్త అడ్డం నిలబడింది.

"ఆగు. కచేరిల పదిమంది నడుమ కూసొని వస్తవు. ఆ గాలి బిడ్డకు తగలొద్దు. అర్రలకు రాకు."

"తానం చేసి వస్త అత్తా."

"చేసినా అంతే. పొద్దుగాల మళ్ల పోతవు గదా?"

"నా బిడ్డ అత్తా అది!"

"ఇప్పుడు నీ బిడ్డ గాదు, నా మనుమరాలు గాదు. పోచమ్మ తల్లి వచ్చి కూసున్నది. నీకు అంతగనం ఉంటే కచేరి బంద్ వెట్టి అర్రలనే కూసో. ఎవరొద్దన్నరు?"

కచేరి మానేయమని ఆమె మొదటినుంచీ అంటూనే ఉంది. పరాయి మగవాళ్ల నడుమ స్టూలెక్కి కూర్చునే కోడలు ఆమెకు నామోషీ. ఇప్పుడు పోచమ్మ తల్లే వచ్చి ఆమె పక్కన నిలబడ్డట్టయింది.

మర్నాడు మా హెడ్ క్లర్కును సెలవడిగాను. గోదావరి వైపు మనిషి, మర్యాదస్థుడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "టెంపరరీవాళ్లకు సెలవేమిటండీ? మీరు రాకపోతే ఇంకొకరిని చూసుకోమంటారు పైవాళ్లు" అన్నాడు. ఆ ఇంకొకరు అప్పటికే వరండాలో అర్జీ పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ ముసలాయనకు నాకంటే మంచి ఉర్దూ వచ్చు. నేను వెళ్లి నా స్టూలు మీద కూర్చున్నాను.

ఆ రోజుల్లో ఇల్లంతా అమ్మవారి మాట మీదే నడిచింది. తాలింపు పెట్టలేదు, తల దువ్వుకోలేదు, గొంతు పెంచి ఎవరూ మాట్లాడలేదు. అమ్మవారు ఒంటి మీద ఉన్నంతకాలం పిల్ల ఏదడిగితే అది ఇవ్వాలి, కాదనకూడదు. పిల్ల నోటి మాట తల్లి మాట. ముంజలు అడిగితే మా మరిది సైకిలేసుకుని నార్కట్‌పల్లి దాకా పోయి తెచ్చాడు. సైకిల్ గంట అడిగితే దుకాణంలో కొత్త సైకిలుకున్న గంట ఊడదీసి తలాపున పెట్టాడు. ఇక అది ఆ గంట మోగించడం, చిన్నమ్మ పరుగెత్తడం. నీళ్లకు గంట, దురదకు గంట, ఊరికే కూడా గంట.

సాయంత్రం నేను తలారా స్నానం చేసి వేపమండలకు ఇవతల అరుగు మీద కూర్చునేదాన్ని. లోపలి నుంచి గంట వినిపించేది. లేవబోయేదాన్ని. ఆ గంట నాకు కాదని గుర్తొచ్చి మళ్లీ కూర్చునేదాన్ని. ఆకుల సందుల్లోంచి చూస్తే ఆమె వేపకొమ్మతో పిల్ల వీపు మీద మెల్లగా రాస్తూ పల్లెపాట ఏదో పాడుతూ ఉండేది. ఆ చల్లని చేతులు విరిగిపోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను. విరిగితే నా బిడ్డను చూసేదెవరని వెంటనే భయం వేసి, ఆ భయానికి ఇంకా మండింది.

ఒక సాయంత్రం ఆమే దర్వాజ దాకా వచ్చి మెల్లగా చెప్పింది. "అక్కా, ఫికర్ చెయ్యకు గని, కంటి రెప్పకాడ ఒకటి లేచింది."

మా వాడలో అమ్మవారు కంట్లో లేచి చూపు పోయిన పిల్లను నేను ఎరుగుదును. మర్నాడు కచేరిలో ఒకే రైతు పేరు మూడుచోట్ల రాశాను. నా బిడ్డ కన్ను నేను చూడాలి. నా చేత్తో దాన్ని పట్టుకోవాలి. కచేరి మానితే ఆయనకు మందు లేదు, మానకపోతే నాకు బిడ్డ లేదు. ఈ రెంటి నడుమ నాకొక ఉపాయం తోచింది. అప్పుడది చాలా తెలివైన ఉపాయం అనుకున్నాను.

ఇంటికొచ్చి మా అత్తతో అన్నాను. "పోచమ్మ తల్లి దాని నోట్లకెల్లి మాట్లాడుతదని నువ్వే అంటివి గదా. మరి ఆ తల్లినే అడుగు, నేను లోపలికి రావాల్నా వద్దా అని. ఏమంటే గట్లనే చేస్త."

మా అత్త సరేనంది. ఎందుకు సరేనందో నాకు అర్థమైంది. అమ్మ కచేరికి పోవద్దని పిల్ల అంటుందని ఆమె ఆశ. అమ్మ కావాలంటుందని నా ధైర్యం. కన్నతల్లిని కాదనే పిల్ల ఎక్కడుంటుంది? జ్వరంలో ఎవరైనా అమ్మా అనే మూలుగుతారు. పోచమ్మ తల్లి రమ్మన్న మనిషికి ఏ గాలీ అడ్డం రాదు. పొద్దున కచేరి, సాయంత్రం బిడ్డ, రెండూ నావే.

మా అత్త చేతులు కడుక్కుని, దీపం పెట్టి, మంచం దగ్గర వంగింది. నేను వేపమండలు పట్టుకుని నిలబడ్డాను.

"తల్లీ, మీ అమ్మ ఏం జెయ్యాలె? నీ కాడ ఎవరుండాలె? నువ్వే చెప్పు బిడ్డా."

పిల్ల గంట ఒకసారి మోగించింది. తర్వాత బడిలో పద్యం అప్పజెప్పినట్టు అన్నది.

"అమ్మ కచేరికి పోవాలె. చిన్నమ్మ నా కాడ ఉండాలె."

మా అత్త దిమ్మెరపోయింది. రెండు చేతులూ జోడించి, "ఇగ అయిపాయె. తల్లి మాట" అన్నది. మా తోటికోడలు తల వంచుకుని నేలవైపు చూస్తూ నిలబడింది. లోపల నవ్వుకుంటూ ఉంటుందనుకున్నాను.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడుస్తాడు అంటారు. నేను గెలిచి కచేరికి పోయి ఏడ్చాను. ఆనాటి నుంచి నా పని మానమని మా అత్త ఒక్క మాట అనలేదు. పోచమ్మ ఇప్పించిన ఉద్యోగం మరి! పెరటి గదిలో మంచం మీద నుంచి మా ఆయన సముదాయించబోయాడు. "చిన్న పిల్ల, దాని మాటకు ఏడుస్తవా?"

"మీకేంది, మిమ్ముల ఎవరు పొమ్మన్నరు?" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కన్ను దక్కింది. రెప్పకాడి పొక్కు రెప్పకాడే మాడిపోయింది, ఇప్పటికీ రెప్ప అంచున చిన్న మచ్చ ఉంది. వేపాకు, పసుపు వేసిన నీళ్లు పోశారు, పోచమ్మకు బోనం వండారు, దర్వాజకున్న మండలు తీసేశారు. మొదటిసారి దగ్గరికి తీసుకున్నప్పుడు పిల్ల నా వేళ్లు వాసన చూసి, "సిరా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా తోటికోడలితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడడం మానేశాను. ఆమె అక్కా అంటే, ఊ అనేదాన్ని.

కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున గడియారం స్తంభం దాకా పోయాక టిఫిన్ డబ్బా మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి వచ్చాను. పెరటి గోడ దగ్గరికి వచ్చేసరికి లోపల ఇద్దరి మాటలు వినపడ్డాయి. పిల్ల ఎక్కిళ్లు పెడుతోంది. చిన్నమ్మ దానికి పాఠం చెబుతోంది.

"అమ్మ యాడికి పోవాలె?"

"కచేరికి పోవాలె."

"ఎందుకు?"

"నాయినకు మందులు తేవాలె."

"గందాక నీ కాడ ఎవరుండాలె?"

"చిన్నమ్మ నా కాడ ఉండాలె."

"అమ్మ ముంగట ఏడుస్తవా?"

"ఏడువ."

"ఏడిస్తే ఏమైతది?"

"అమ్మ కచేరిల ఏడుస్తది."

అదే గొంతు, అదే అప్పజెప్పడం. అప్పుడు అర్థమైంది నాకు. నేను గడప దాటిన ప్రతి పొద్దునా నా వెనక ఈ పాఠం నడిచింది. జ్వరంలో పిల్ల నోట వచ్చింది ఈ పాఠమే. నా పని నిలబెట్టింది ఆమె. నా బిడ్డను నా మీద ఎగదోయలేదు, నేను ఏడుస్తానని దానికి చెప్పింది.

కథల్లో అయితే ఈ చోట తోటికోడళ్లు కావలించుకుంటారు. నాకు మాత్రం ఒళ్లంతా మండింది. ఆమె దొంగబుద్ధి మనిషైతే తిట్టుకుని సుఖపడేదాన్ని. చేతులు చల్లన, జడ పొడుగు, మొగుడు గట్టి, చివరికి మనసు కూడా నాకంటే మంచిదా? ఇక నాకంటూ ఆమె ఏం మిగిల్చింది? లోపలికి పోకుండా, డబ్బా తీసుకోకుండా అట్లాగే వెనక్కి తిరిగి కచేరికి పోయాను.

మధ్యాహ్నం ఆకలికి అక్షరాలు అలుక్కుపోతుండగా హెడ్ క్లర్కు వచ్చి చెప్పాడు. "బయట ఎవరో తల్లీకూతుళ్లు ఎండలో నిలబడ్డారండీ. మీకు డబ్బా ఇవ్వాలట."

"తల్లిని నేనండీ" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానంటే చేతుల కుర్చీలవాళ్లంతా తలెత్తి చూశారు. ఆయన కంగారుపడి, "అలాగా, అలాగా" అంటూ పక్కకు తప్పుకున్నాడు.

మెట్ల కింద ఆమె నిలబడి ఉంది. పిల్లను చంకనేసుకుని, ఎండ తగలకుండా కొంగు దాని తల మీదుగా కప్పింది. ఆమె మొహం కందిపోయింది. "అన్నం తినకుంటనే ఉంటవని వచ్చినమక్కా" అన్నది.

పిల్ల నన్ను చూసి చంకలోనే గంతులేసింది. "అమ్మా!" అని కచేరి అంతా వినపడేట్టు అరిచి, వంగి నాకు ఒక చెయ్యి చాపింది. రెండో చెయ్యి చిన్నమ్మ మెడ చుట్టూ అట్లాగే ఉంది.

నేను సిరా వేళ్లతో, చాపిన ఆ ఒక్క చెయ్యి పట్టుకున్నాను.