అక్క హెడ్‌ఫోను చప్పుడు

మా అక్క కుప్పంలో ఉంటుంది. పుట్టి పెరిగింది నాలాగే పుంగనూరులో, కుప్పం అత్తగారి ఊరు. పిల్లల్లేరు. బావ పోయాక కూడా ఆ ఇంట్లోనే ఒక్కతే ఉంటూ, కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కల ట్యూషన్లు చెబుతుంది. నేను మదనపల్లెలో హార్డ్‌వేర్ కొట్టు నడుపుతాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నేను కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చునే వేళ, ఆమె ట్యూషన్లు మొదలయ్యే ముందు, రోజూ ఇద్దరం మాట్లాడుకుంటాం. మాట్లాడుకుంటాం అనడం పెద్ద మాటే. నేను మాట్లాడతాను, ఆమె వింటుంది. నాతోనూ ఆ కంప్యూటర్‌లోనే, హెడ్‌ఫోను తగిలించుకుని మాట్లాడుతుంది. వీడియో పెట్టమంటే పెట్టదు. ముఖం చూసుకుంటూ మాట్లాడాలంటే మాటలు రావట.

చిన్నప్పుడిలా లేదు. పుంగనూరులో మా ఇంట్లో అక్క నోరు తెరిచిందంటే మిగతావాళ్ళకు వంతు వచ్చేది కాదు. స్కూల్లో ఎవరు ఏడ్చారో, ఎవరి జడ ఎవరు లాగారో, టీచరు కట్టుకొచ్చిన చీర అంచు ఏ రంగో అన్నీ చెప్పి గానీ నన్ను నిద్రపోనిచ్చేది కాదు. బావ పోయాక ఆ మాటలన్నీ ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. ఇప్పుడు నేను ఎంతసేపు మాట్లాడినా కనీసం ఊ కొట్టదు. ఊ బదులు నాకు వినిపించేది ఆమె హెడ్‌ఫోను చప్పుడే. పాత ప్లాస్టిక్ ఫ్రేము, తల కదిలినప్పుడల్లా కిర్రుమనేది.

మా ఇంటి పక్కనే మాదే ఒక చిన్న పోర్షన్ ఉంది. అక్క అందులోకి వచ్చి ఉండాలని నా కోరిక. పిల్లలకు ట్యూషన్లు ఎక్కడినుంచి చెప్పినా ఒకటే కదా. రోజూ ఫోను పెట్టేసే ముందు "ఎప్పుడొస్తావక్కా?" అని అడిగేవాణ్ణి. అవతల కిర్రుమనేది. అక్క తలూపిందని నాకు సంబరం. నోటితో 'వస్తా' అని ఏనాడూ అనలేదు, నిజమే. కానీ నా మనసు ఆ కిర్రు దగ్గరే ఆగిపోయేది. అద్దెకు అడిగిన వాళ్ళందరికీ లేదని చెప్పి పంపించాను. గోడలకు లేత పసుపు రంగు నేనే దగ్గరుండి వేయించాను, అక్కకు ఇష్టమని. "మీ యక్క వచ్చేలోపల ఈ రంగు గూడా రాలిపోతాది" అని మా ఆవిడ ఎగతాళి చేసేది. నాకు ఒళ్ళు మండేది.

ఈలోగా ట్యూషన్ పిల్లల తల్లుల నుంచి ఆ కిర్రు మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక పాప అయితే "మిస్, మీ ఇంట్లో ఉయ్యాల ఉందా?" అని అడిగిందట. ఆ చప్పుడు పోకపోతే మాన్పించేస్తామని ఒకావిడ మొహం మీదే చెప్పిందట. బావ పోయాక అక్క మొదటిసారి గొంతు పెంచి నాతో మాట్లాడింది ఈ విషయం మీదే. కొత్తది కొని పంపిస్తే తల పట్టేస్తోందని పక్కన పడేసింది. అప్పుడు నేను నా హార్డ్‌వేర్ తెలివి చూపించి, కీళ్ళ దగ్గర రెండు చుక్కలు కొబ్బరినూనె వేయమన్నాను. వేసింది. నాలుగు రోజులకు ఆ నూనెకు దుమ్మూ వెంట్రుకలూ అంటుకుని, చప్పుడు ముందుకంటే ఎక్కువైంది.

"నీ మాట ఇన్నాను సూడు, నాకు బుద్ధి లేక" అంది అక్క. "నేనే వస్తాండాను, ఉండు" అన్నాను.

ఆదివారం కొట్టు మూసి బస్సెక్కాను. నిజం చెప్పాలంటే హెడ్‌ఫోను ఒక వంక. ఈసారి అక్కను తీసుకొచ్చే రోజు ఖాయం చేసుకుని రావాలన్నది అసలు పని. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు మా పాత వీధి వైపు చూశాను. మేమున్న ఇల్లు ఇప్పుడు ఎవరిదో. మేడ మీద ఎవరివో బట్టలు ఆరేసి ఉన్నాయి. అక్కా నేనూ మళ్ళీ ఒక కప్పు కింద ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి బాగా పొద్దెక్కింది. వీధి మొదట్లో పళ్ళు కొంటుంటే బండి ఆయన నా మొహం చూసి "టీచరమ్మ తమ్ముడా మీరు?" అని రెండు పళ్ళు ఎక్కువ వేశాడు.

అక్క రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి చేసి పెట్టింది. తిన్నాక ఆమె కాఫీకి లోపలికి వెళ్ళింది, నేను హెడ్‌ఫోను ముందేసుకుని కూర్చున్నాను. ఇలాంటి వాటిలో ముందు చప్పుడు ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. పైపట్టీని వంచి చూశాను, ఏమీ లేదు. పొడుగు తగ్గించి, పెంచి చూశాను, లేదు. చేతిలో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంది. సరే అని తలకు తగిలించుకుని, వైరు కంప్యూటర్‌కు గుచ్చి, అక్క కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాను. తల పైకీ కిందికీ ఊపాను. చప్పుడు లేదు. గట్టిగా ఊపాను. లేదు. తల పక్కకు తిప్పాను. కిర్రుమంది.

తల తిప్పినప్పుడు ఎడమ వైపు వైరు భుజానికి అడ్డుకుని, చెవి డిప్పను మెలిపెడుతోంది. డిప్పను పట్టుకున్న కొమ్ము దగ్గర పిన్ను అరిగి వదులైంది. చప్పుడు అక్కడిదే. దొరికిందని సంతోషించబోయి ఆగిపోయాను. మళ్ళీ నిలువుగా ఊపాను, ఏమీ లేదు. అడ్డంగా ఊపాను, కిర్రు. ఇన్నాళ్ళూ ఎప్పుడొస్తావని నేనడిగినప్పుడల్లా అక్క తల అడ్డంగా ఊపుతోందన్నమాట.

"యాల గంగిరెద్దు మాదిరి ఊగతా ఉండావు?" కాఫీ గ్లాసులతో వచ్చిన అక్క నవ్వుతోంది.

నాకు నవ్వు రాలేదు. "నువ్వు రావు గదక్కా?" అన్నాను.

అక్క గ్లాసులు బల్ల మీద పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"నోటితో రానంటే నువ్వు బాధపడతావని అనలేదప్పా. ఈడ నన్ను అందరూ టీచరమ్మా అంటారు. ఆడికొస్తే నేను నీ అక్కని, అంతే. మీ ఇంట్లో కూర వండినారా, నాకింత గిన్నెలో పంపిస్తారు. మీరు యాడికన్నా పోతే ఇంటికి కాపలా ఉంటాను. వద్దప్పా."

"మా ఆవిడేమన్నా అనిందా?"

"ఆ యమ్మ యాల అంటాది, బంగారట్లా మనిషి. ఎవురూ ఏమీ అనకపోయినా నాకు అట్లే ఉంటాది. ఈ ఇంట్లో మీ బావ లేడు, నిజమే. కానీ ఈ తలుపు నేను తెరిస్తేనే తెరుచుకుంటాది."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. స్క్రూడ్రైవర్ తీసుకుని పని మొదలుపెట్టాను. చెవి మెత్తలు ఊడదీసి, స్క్రూలు విప్పి, నేను వేయించిన కొబ్బరినూనె జిడ్డంతా స్పిరిట్ దూదితో తుడిచాను. నీళ్ళ పైపుల మరలకు చుట్టే తెల్ల టేపును సన్నగా చీల్చి పిన్నుకు చుట్టి, మళ్ళీ బిగించాను. ఎంత కోపంలో ఉన్నా టేపు మాత్రం సరిగ్గానే చుట్టాను. అక్క పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చప్పుడు పోయింది. "నా తమ్ముడికి అన్నీ వచ్చు" అంది. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకుంటాను.

ఆ వారంలోనే పోర్షన్ ఒక నర్సమ్మ కుటుంబానికి అద్దెకిచ్చేశాను. మధ్యాహ్నం అక్కకు ఫోన్లో చెప్పాను. "మంచి పని చేసినావప్పా. ఖాళీగా పెట్టుకుంటే ఇల్లు పాడైపోతాది" అంది. తర్వాత సిమెంటు సంగతీ, మా వీధిలో తవ్విన కాలువ సంగతీ ఏదో చెప్పుకుంటూ పోయాను. అవతల ఏ చప్పుడూ లేదు. నా మాటలు గోడకు చెబుతున్నానేమో అనిపించి, మధ్యలో "ఉండావా అక్కా?" అని అడగాల్సి వచ్చింది. "ఉండాను, సెప్పు" అంది. ట్యూషన్ వేళయింది కదా అని పెట్టేయబోయాను.

"ఉండప్పా" అంది. "ఈ పొద్దు నువ్వు అడగలేదు."

"ఏమడగలేదు?"

"అదే, ఎప్పుడొస్తావని."

"రానని నువ్వే సెప్పినావు గదక్కా."

"సెప్పినాను. రాను గూడా." అంది అక్క. "అయినా నువ్వు అడగతా ఉండప్పా. నన్ను రమ్మనేవాళ్ళు ఇంకెవురుండారు?"