నేను గొర్రెలకు తలంటు పోసిన శనివారం

ఒక్కరోజులో నలభై గొర్రెలకు తలంటు పోసిన పంతులు అనంతపురం జిల్లాలో ఎవరైనా ఉన్నాడా అని అడిగితే, నేను సిగ్గుపడుతూ చెయ్యెత్తాల్సిందే. ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ముదిగుబ్బ దగ్గర ఓ పల్లె బడిలో నన్ను విద్యా వాలంటీరుగా వేశారు. ఒకటో తరగతి. వయసు ఇరవై రెండు, అనుభవం సున్నా, ఆత్మవిశ్వాసం మాత్రం బస్సు టాపు మీద కట్టినా పట్టనంత. అంతకుముందే మూడు రోజుల శిక్షణలో ఒకాయన చెప్పాడు: చిన్నపిల్లల చేత రంగులు వేయిస్తే వేళ్లకు బలం వస్తుంది, పెన్సిలు పట్టు కుదురుతుంది, చూపు ఒకచోట నిలుస్తుంది. ఆ మాటలు రాసుకుని కింద రెండేసి గీతలు కొట్టుకున్నాను. రంగుల బొమ్మల పుస్తకాలు పంపిస్తామన్నారు. అవి వానల్లాగే ఆ ఏడు మా వైపు రాలేదు.

నేను ఆగుతానా? కొత్తచెరువు సంతలో ముగ్గుల రంగు పొడి కొనుక్కొచ్చి, పొట్లాలు కట్టి, శుక్రవారం సాయంత్రం పిల్లలకు పంచేశాను.

"దేనికి పూయల్ల సారూ?" అంది లక్ష్మి. ఆరేళ్ల పిల్ల, మాట కచ్చితం.

"మీ ఇంటికాడ తెల్లగా ఏముంటే దానికి. నీళ్లలో కలిపి వేళ్లతో పూయండి."

"ఏదైనానా?"

"ఏదైనా!" అన్నాను దర్జాగా.

నా మనసులో ఉన్నవి సున్నం గోడలు, పాత క్యాలెండర్ల వెనకవైపులు. పట్నంలో పెరిగినవాణ్ణి కదా. ఆ ఊళ్లో గోడలన్నీ మట్టివి, కాగితాలన్నీ బళ్లోనే. ఇక తెల్లగా మిగిలినవేమిటో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మర్నాడు బడి తాళం తీస్తుండగానే లక్ష్మి అవ్వ నాగమ్మ వచ్చింది. "ఏమప్పా సారూ, నువ్వు చెప్పిన సదువు వచ్చి చూడు."

దొడ్లోకి వెళ్లి చూస్తే కళ్లు తిరిగాయి. ఆకుపచ్చ మూతి గొర్రెలు, గులాబీ వీపు గొర్రెలు, పసుపు గడ్డంతో ఒక పొట్టేలు. లక్ష్మి ఓ గొర్రెపిల్లను ఎత్తి చూపించి, "ఇది నేను పూసింది సారూ. కొంచెం గూడా బయటికి పోకుండా పూసినా" అంది.

"శానా బాగుండాది!" అన్నాను. పిల్లల్ని మెచ్చుకోవాలని శిక్షణలో చెప్పారు మరి.

"బాగుండాదా?" నాగమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "ఈ దొడ్లో రెండు మందలు ఉండాయి. ఎర్ర గుర్తువి నావి, నీలం గుర్తువి ఓబులేసువి. యాడ ఉండాయి ఆ గుర్తులు? ఓబులేసు రేపు తెల్లార్తోనే మందను తోలుకోని మేతకు కాలవల దిక్కు పోతాండాడు. నా గొర్రె వాటితో పాయనంటే మళ్లా వస్తాదా?"

ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఆ ముసలామెకు ఆ ఇరవై గొర్రెలే బతుకు. "అవ్వా, మొగం చూసి చెప్పలేవా?" అన్నాను ఆశగా.

ఆమె నన్నే ఎగాదిగా చూసింది. "నీకేమన్నా తేడా కనపడ్తాందా?"

కనపడలేదు. పోనీ పిల్లల్ని అడుగుదామని వరుసగా నిలబెట్టాను.

"పచ్చ రంగు ఎవరు పూసినార్రా?"

"నేను!" "నేను సారూ!" "నేను గూడా!"

"ఎవరి గొర్రెలకు?"

"కదలకుండా నిలబడిన గొర్రెలకు సారూ."

దాంతో ఉన్న కాస్త బుర్రా పోయింది. అప్పుడు నాగమ్మ మెల్లగా, "కడిగితే లోపలి గుర్తు బయటపడ్తాదేమో. నాకు తెలీదబ్బా, సదువుకున్నోడివి, నువ్వే చెప్పల్ల" అంది.

మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టయింది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మందను దగ్గర్లో ఉన్న పంపుసెట్టుకు తోలించాను. బోరులో నీళ్లు చిటికెన వేలంత లావు వస్తున్నాయి. ఒకదాన్ని కడిగి వదిలితే అది పోయి కడగనిదాన్ని రాసుకుని, మళ్లీ గులాబీ రంగులో నా దగ్గరికే వచ్చేది. పొట్టేలు నన్ను రెండుసార్లు బురదలో కూర్చోబెట్టింది. నాగమ్మ షెడ్డు నీడలో ఆకూవక్కా నములుతూ, "పొట్ట కింద ఇంగా గట్టిగా తోము సారూ" అని దారి చూపిస్తూనే ఉంది.

గట్టిగానే తోమాను. ఎంత గట్టిగా అంటే, పొద్దు వాలేసరికి పిల్లల రంగులతో పాటు ఎరుపూ నీలమూ కూడా కొట్టుకుపోయాయి. నలభై గొర్రెలు మల్లెపూల్లా మెరుస్తూ నా ముందు నిలబడ్డాయి. ఏది ఎవరిదో బ్రహ్మకు కూడా తెలియదనుకున్నాను.

అంతలో ఓబులేసు ముదిగుబ్బ నుంచి బస్సు దిగి వచ్చాడు. నేను చేతులు జోడించి, "అన్నా, తప్పయిపోయింది. గుర్తులన్నీ చెరిపేసినా" అన్నాను.

"దానికేమి సారూ?" అని బీడీ ముట్టించుకుని మందలోకి నడిచాడు. నాగమ్మ కూడా లేచింది. ఇది నాది, అది నీది, ఆ చెవి వాలింది నాది అనుకుంటూ ఇద్దరూ చెరో పక్కకు తోలారు. బీడీ అయిపోకముందే మందలు రెండయ్యాయి.

నేను నాగమ్మ వైపు తిరిగాను. "అవ్వా, నీకు తెలుసా?"

"మొగాలు తెలీకుండానే ఇన్నేండ్లు మేపినానా?"

"మరి ఆ రంగు గుర్తులు ఎందుకు?"

"తప్పిపోయినప్పుడు మీలాంటోళ్లు చూసి తోలుకొచ్చేదానికి."

"పొద్దున్నే చెప్పుంటే పోయేది కదవ్వా!"

"రేపు బొచ్చు కత్తిరించేటోళ్లు వస్తాండారప్పా. అంతలోపల కడగల్ల. నాకేమో నడుం వంగదు. నువ్వు ప్యాంటు ఎగమడిచి నిలబడితివి, వద్దంటే బాగుంటాదా?"

"మావి గూడా కడిగినాడు, దేవుడట్లా సారు" అన్నాడు ఓబులేసు, నవ్వాపుకుంటూ.

సోమవారం బడికి రాగానే లక్ష్మి నా దగ్గరికొచ్చి, "మా చిన్నవ్వకు గూడా గొర్రెలు ఉండాయి సారూ. మళ్లా రంగులు ఎప్పుడిస్తారో అడిగి రమ్మనింది" అంది.

ఆ క్షణమే నల్లబల్ల మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట పిల్లలకు రంగులిస్తే కాగితం కూడా నేనే ఇస్తాను. ఏ అవ్వయినా నీడలో కూర్చుని "నాకు తెలీదబ్బా, నువ్వే చెప్పల్ల" అందంటే, ముందు మడిచిన ప్యాంటు కాళ్లు కిందికి దించుకుంటాను, ఆ తర్వాతే నోరు తెరుస్తాను.