పంతులమ్మ విప్పని పెట్టెలు

లిఫ్టులు తయారుచేసే ఆ విదేశీ కంపెనీలో ఆమెను అందరూ పంతులమ్మ అంటారు. ఆమె పాఠాలు చెప్పేది పిల్లలకు కాదు, బాసులకు. ఉద్యోగుల విభాగానికి పెద్దగా ప్రతిసారీ హెడ్డాఫీసు దేశం నుంచే ఒకాయన దిగుతాడు. ఆయనకంటే ముందు ఆయన పెట్టెలు దిగుతాయి. వాటిని విప్పించి గది సర్దించడం, ఆ తర్వాత ఆయనకు ఇక్కడి మనుషులతో మెలగడం నేర్పడం పంతులమ్మ పని. కాస్త నేర్చుకోగానే ఆయన ప్రమోషన్ మీద తిరిగి ఎగిరిపోతాడు. ఈవిడ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అదేం న్యాయమో!

మొదటాయన వచ్చీ రాగానే వెల్డర్ల మేస్త్రీని పదిమందిలో కడిగిపారేశాడు. తలుపేసి తిట్టి ఉంటే మేస్త్రీ పడేవాడే. అందరి ముందూ అనేసరికి తల కొట్టేసినట్టయి ఇంటికి పోయాడు. వెనకాలే వెల్డర్లంతా పోయారు. పంతులమ్మ మేస్త్రీ ఇంటికెళ్లి, గడపలో కూర్చుని బతిమాలి తీసుకొచ్చింది. హెడ్డాఫీసు మెచ్చుకున్నది బాసును. సొమ్మొకడిది, సోకొకడిది!

ఈసారి బాసు కుర్చీ ఖాళీ కాగానే అది తనకే కావాలని అడిగేసింది. హెడ్డాఫీసు పెద్దమనిషి వీడియోలో నవ్వాడు.

"మీకు విదేశాల్లో పనిచేసిన అనుభవం లేదు కదమ్మా."

"పంపండి. మీ ఆఫీసులోనే చేస్తాను."

"అమ్మో! మీరొచ్చేస్తే కొత్తాయనకు పని ఎవరు నేర్పుతారు?"

పంతులమ్మకు ఒళ్లు మండిపోయింది. "అనుభవం లేనిదాన్ని, నేనేం నేర్పుతానండీ?" అని లాప్‌టాప్ మూసేసింది.

ఇంట్లో మొగుడు బెంబేలెత్తాడు. "కొండను పొట్టేలు ఢీకొన్నట్టుందే నీ వరస! ఉద్యోగం ఊడితే?"

వంటగదిలోంచి అత్తగారు అందుకుంది. "నువ్వూరుకోరా. అడగనిదే అమ్మైనా పెట్టదు. ఏమే, ఇప్పుడు వెనక్కి తగ్గావంటే నా కోడలివే కాదు!"

కొత్తాయన పెట్టెలు రానే వచ్చాయి.

"విప్పమంటారా అమ్మా?" అన్నాడు అటెండరు.

"నీకు అనుభవం ఉందా?"

"లేదమ్మా."

"నాకూ లేదట. అలాగే ఉంచు."

ఆ వారమే లిఫ్టులు ఆలస్యమయ్యాయని పెద్దమనిషికి కోపం వచ్చింది. షెడ్డులోని పెద్ద తెర మీద కనిపించి, అందరి ముందూ మేస్త్రీని దులిపేశాడు. ఇంకేముంది, మేస్త్రీ ఇంటికి, వెల్డర్లు వెనకాలే. పంతులమ్మ ఫోన్ మోగింది. పెద్దమనిషే.

"మీరు వెళ్లి పిలుచుకు రండమ్మా."

"కొత్తాయన్ని వెళ్లమనండి."

"ఆయనింకా విమానమే ఎక్కలేదు! మేస్త్రీ ఇల్లు ఆయనకేం తెలుసు?"

"నాకు తెలుసండీ. ఆ కుర్చీ నాదైన రోజున వెళ్తాను."

"బెదిరిస్తున్నారా?"

"అడుగుతున్నాను."

పెద్దమనిషి స్వరం తగ్గించాడు. "ఆ పెట్టెలు... విప్పేశారా?"

"లేదండీ. తిప్పి పంపడానికి వీలుగానే ఉన్నాయి."

"సరే, పంపించేయండి. కుర్చీ మీదే. ఇక బయల్దేరండి."

"ఆ మాట రాసి పంపండి. పెట్టెలూ అప్పుడే కదులుతాయి, నేనూ అప్పుడే కదులుతాను."