పక్కింటి రాగం

నా చిన్నప్పుడు పుంగనూరులో పక్కింటి అక్క వినిపించిన పాటలు ఇంకా బతికే ఉన్నాయన్న కబురు మొన్న మా మనవరాలు తెచ్చింది. "అవ్వా, ఇన్నేళ్లయినా ఈ ఆల్బమ్‌కు ముసలితనం రాలేదంట. మా కాలేజీలో అందురూ వింటాండారు," అంటూ ఫోను నా చెవి దగ్గర పెట్టింది. మొదటి దరువుకే నా పెదవులు కదిలాయి. వచ్చింది ఆ పాట కాదు, వినాయకుడి శ్లోకం. పిల్ల తెల్లబోయింది.

నాకు నత్తి. బడిలో పిల్లల వెక్కిరింతలు పడలేక బడి మానేశాను. మెల్లగా మాట్లాడటమూ మానేశాను. మా తాతయ్యే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. చదువు వచ్చింది గానీ నోరు తెరుచుకోలేదు. దీపం పెట్టి, "ఒక్క శ్లోకం తల్లీ, తెగకుండా ఒక్కటి," అని ఆయన అడిగేవాడు. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. దేవుడి పేరును ముక్కలు చేస్తున్నానేమోనని నాకు భయం. ఆయన కళ్లు మూసుకునేవాడు. అది తిట్టుకంటే బరువుగా ఉండేది.

పక్కింటి ముస్లింల అమ్మాయే ఆ అక్క. వాళ్ల నాన్న బెంగళూరు నుంచి బట్టలు తెచ్చి అమ్మేవాడు. ఒకసారి బట్టల మూటలో ఇంగ్లీషు పాప్ పాటల క్యాసెట్ ఒకటి తెచ్చాడు. అక్క పొద్దస్తమానం అదే పెట్టేది. తాతయ్య గోడ ఇవతల నుంచి, "అమ్మాయ్, ఆ గోల తగ్గించు!" అని కేకేసేవాడు.

నేను పోయి ఆ గోల పక్కనే కూర్చునేదాన్ని.

"యాల మూగదాని మాదిరి కూసోనుండావు? పాడు," అంది అక్క ఒకనాడు. తల అడ్డంగా ఊపాను. అక్క పకపకా నవ్వింది. "ఈ మాటలు నాకూ తెల్దు. నువ్వు తప్పు పాడినా పట్టుకునేటోడు ఈ పుంగనూర్లోనే లేడు పాపా!"

నిజమే కదా అనిపించింది. తప్పు లేని చోట భయమెందుకు? తోచినట్టు పాడాను. ఎక్కడా తెగలేదు. కొన్నాళ్లకు అక్క, "మీ తాత శ్లోకాన్ని ఈ వరసలోనే పెట్టి సూడు," అంది.

వినాయక చవితికి మదనపల్లె నుంచి బంధువులు వచ్చారు. పిల్లలంతా తలా ఒక పద్యం చెప్పారు. నా వంతు రాగానే గొంతు పట్టేసింది. "పోనీలే నాయనా, దాన్ని యాల ఇబ్బంది పెడతావు? ఇంక అడగొద్దు," అంది మా పిన్ని తాతయ్యతో, జాలిగా. అప్పుడు కూర్చుండిపోతే ఇక జన్మలో నన్నెవరూ ఏదీ అడగరని నాకు తెలిసిపోయింది.

ఉండ్రాళ్ల కోసం పిలిస్తే వచ్చి గడప అవతల నిలబడి ఉంది అక్క. తలుపు చెక్క మీద వేళ్లతో మెల్లగా ఆ పాట దరువు వేసింది. నేను కళ్లు మూసుకుని శ్లోకమంతా పాడేశాను.

బంధువులు గొల్లున నవ్వారు. తాతయ్య నవ్వలేదు. "ఇది ఏ రాగం తల్లీ?" అన్నాడు.

"ప... ప... పక్కింటి రాగం."

మరునాడు ఆయన గోడ దగ్గరికి వెళ్లి పిలిచాడు. "అమ్మాయ్, ఆ టేపు ఇంకొంచెం గట్టిగా పెట్టు. మా పాపకు ఇనపడాల."

అక్కను కుప్పం ఇచ్చారు. ఆమె కారెక్కే వేళ పక్కనే నిలబడ్డాను. చెప్పాల్సిన మాట గొంతులోనే ఆగిపోయింది. దానికి వరస ఎవరూ నేర్పలేదు. కొన్నేళ్లకే జబ్బు చేసి అక్క పోయిందని తెలిసింది.

నా నత్తి పోలేదు. ఏ పాట ఎవరిది, ఏ దేవుడు ఎవరివాడు అని జనం గట్టిగా అడుగుతుంటే దిగులేస్తుంది. అయినా రోజూ పొద్దున్నే దీపం ముందు ఆ వరసలోనే శ్లోకం చెప్పుకుంటాను. స్వామి ఒక్కనాడూ కాదనలేదు. ఏదైనా పాత ఆల్బమ్ మీకు ఇంకా కొత్తగా వినిపిస్తే, కుప్పంలో కన్నుమూసిన మా అక్కను ఒక్కసారి తలుచుకోండి. నేను చెప్పలేకపోయిన మాట మీరైనా చెప్పినట్టవుతుంది.